గజ్జె మోగే చోటు

పాత అంబాసిడర్ ఇంజన్‌ను విప్పి, మూడో పిస్టన్‌ను చేతిలోకి తీసుకున్న క్షణంలోనే సుంకన్నకు సంగతి తెలిసిపోయింది. పిస్టన్ తలమీద ఎలుక కొరికినట్టు గుంటలు. ఒకచోట అంచు విరిగింది. అది వయసు వల్ల వచ్చిన అరుగుదల కాదు. లోపల నిప్పురవ్వ పడవలసిన సమయానికన్నా ముందే పడుతూ వచ్చింది. ఆ సమయాన్ని కుదిర్చినవారు తన గురువు, దాదాపీర్ ఉస్తాద్.

నంద్యాలలోని తమ మెకానిక్ షెడ్డులో ఉస్తాద్ పద్ధతి ఒక్కటే. నిప్పురవ్వ పడే టైమింగును కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ బండిని ఎత్తు ఎక్కించేవారు. ఒకచోట ఇంజన్ లోపలి నుంచి, చంటిబిడ్డ కాలి గజ్జెలాగా సన్నని చప్పుడు వచ్చేది. నిప్పురవ్వ మరీ ముందుకు పోయిందనడానికి అదే గుర్తు. అది వినపడగానే ఆపి, వెంట్రుకవాసి వెనక్కి తిప్పేవారు. "గజ్జె మోగేదాకా పో. మోగినాక అక్కడ నిలబడొద్దు" అని సుంకన్నకు నేర్పింది ఆయనే.

ఇప్పుడు ఆయనకు మాటలు వినిపిస్తున్నాయి. గజ్జె వినిపించడం లేదు. మనిషిని విడిచి వెళ్లేటప్పుడు సన్నని శబ్దాలే ముందుగా సెలవు తీసుకుంటాయి కాబోలు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. సుంకన్న అడగలేదు. పిస్టన్‌ను పాతగుడ్డల కింద దాచి, "రింగులు అరిగిపోయినాయి ఉస్తాద్" అన్నాడు.

సిలిండర్లకు బోరు కొట్టించి, కొత్త పిస్టన్లు వేసి, ఇద్దరూ కలిసి ఇంజన్‌ను మళ్లీ నిలబెట్టారు. ఉస్తాద్ వేళ్లకు ఇంకా వయసు రాలేదు. ఏ బోల్టును ఎంతవరకు బిగించాలో ఆయన మణికట్టుకే తెలుసు. ఆ చేతులను చూస్తున్నకొద్దీ సుంకన్నకు దిగులు పెరిగింది. టైమింగును మళ్లీ ఆయనే పెడితే ఈ ఇంజనూ దక్కదు. మీరు పెట్టవద్దు అని తను అంటే, ఆ చేతులు మరి ఏ పనీ ముట్టుకోకపోవచ్చు.

అందుకని ఒక దారి వెతికాడు. కారు యజమాని చౌడప్ప మాస్టారిని ఒప్పించి, బెంగళూరు నుంచి ఇంజన్ కంప్యూటర్ ఒకటి తెప్పించాడు. పెట్రోలు ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది ఇకమీదట ఆ చిన్న డబ్బానే చూసుకుంటుంది.

"ఈ కారు నా మాటే వినదు. డబ్బా మాట వింటుందా?" అన్నారు మాస్టారు.

"వింటాది సార్. ఇది మీ బడి పిల్లోడు కాదు కదా" అన్నారు ఉస్తాద్ నవ్వుతూ.

వైర్లన్నింటికీ ఆయనే ఓపికగా టేపు చుట్టారు. చివరికి ఒక్క వస్తువు మిగిలింది. రూపాయి బిళ్లంత గుండ్రటిది. ఇనుములో గజ్జె మోగితే పట్టుకొని డబ్బాకు చెప్పేది అదే. చెప్పగానే డబ్బా టైమింగును వెనక్కి తీస్తుంది. దాన్ని ఆయన ఎదుట ఇంజన్‌కు బిగించడానికి సుంకన్నకు మనసు రాలేదు. వెనకవైపు, గాలిగొట్టాన్ని పట్టి ఉంచే రేకుకు, కనపడకుండా బిగించాడు.

"ఏందప్పా అది?"

"వేడి చూసేది ఉస్తాద్."

ఉస్తాద్ తల ఊపారు.

మరునాడు ఇద్దరూ కారును గిద్దలూరు ఘాటు రోడ్డు ఎక్కించారు. నల్లమల మొదటి మలుపు దాటాక గజ్జె మోగింది. మోగుతూనే ఉంది. వణుకుతున్న రేకు మీద కూర్చున్న ఆ బిళ్లకు అదేమీ వినపడలేదు. బండి నడుపుతున్న సుంకన్నకు వినపడింది. యాక్సిలరేటర్ మీద కాలు తనంతట తానే సడలింది.

ఉస్తాద్ రోడ్డును చూడడం లేదు. శిష్యుడి ముఖాన్నే చూస్తున్నారు.

"మోగిందా?"

"లేదు ఉస్తాద్."

"బండి ఆపు."

ఆయన దిగి బానెట్ ఎత్తారు. చేతికి గుడ్డ చుట్టుకొని, వెతకకుండానే వెనకనున్న రేకు దగ్గరికి పోయి ఆ బిళ్లను విప్పారు. ఇంజన్ నడుమ, రెండో సిలిండరుకూ మూడోదానికీ మధ్య, రంగు పోయి తళతళలాడే చిన్న మచ్చ ఒకటి ఉంది. ఏళ్ల తరబడి ఆయన పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని విన్న చోటు అది. ఆ పక్కనే వాడకంలో లేని బోల్టు రంధ్రం. ఆ చోటును శుభ్రంగా తుడిచి, బిళ్లను అక్కడ బిగించారు.

సుంకన్న తల వంచుకొని నిలబడ్డాడు.

"చెవిని తీసకపోయి రేకు మీద పెడితే ఏం వింటాదప్పా?" అన్నారు ఉస్తాద్. చేతులు తుడుచుకుంటూ, "పిస్టన్ కూడా చూసినాలే" అన్నారు.

సుంకన్న భుజం మీద చెయ్యి వేశారు.

"షెడ్డుకు చెవిటోడు ఒకడు చాలు. మూగోడు కూడా ఎందుకు?"

కారు మళ్లీ ఎత్తు ఎక్కింది. మలుపు దగ్గర ఇంజన్ లోపల ఏదో సన్నగా కదిలి, వెంటనే అణగిపోయింది.

"మోగిందా?"

"మోగింది ఉస్తాద్. అంతలోనే నిలిచిపోయింది."

ఉస్తాద్ సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నారు.

"ఎట్ల మోగిందో చెప్పు."

"అమ్మ చూసిందని తెలిసి, ఒక్క అడుగేసి ఆగిపోయిన బిడ్డ మాదిరి, ఉస్తాద్."

ఆయన కళ్లు తెరవలేదు.

"ఆ... అదే" అన్నారు.