ఆర్జవి దాచిన నిప్పు

పూర్వం కృతయుగాంతంలో, వేత్రవతీ తీరాన ఋతవ్రతుడనే మహర్షి తల్లిలేని కుమార్తె ఆర్జవిని తన చేతులమీద పెంచుకుంటూ, సుకేతు మహారాజు సభలో ధర్మనిర్ణేతగా ఉండేవాడు. వానలు లేక ప్రజలు అలమటిస్తుంటే ఆ తపోధనుడు వర్షేష్టి అనే యాగం ఆరంభించి, స్నానానికి వెళ్తూ హోమాగ్నిని కుమార్తెకు అప్పగించాడు.

పసిపిల్ల కదా, లేడికూనతో ఆటలో పడి సమిధ వేయడం మరచింది. అగ్ని చల్లారింది. ఆరిన హోమాగ్నిని అరణి కర్రలు మథించే తిరిగి రగిలించాలి. అది చిట్టిచేతులకు సాధ్యం కాక, తండ్రి ఏమంటాడోనని భయపడి, వంటపొయ్యిలోని నిప్పు తెచ్చి గుండంలో పెట్టి ఊరకుంది.

ఇష్టి ముగిసినా చినుకు రాలలేదు. ఆ ఉదయం సమిధలు తెచ్చిన కలభుడనే బోయ అగ్నిని మైలపరిచాడని ఋత్విజులు రాజుకు విన్నవించారు. చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా అందరూ నమ్మారు. హోమాగ్నిని చెరిపినవారికి దేశబహిష్కారమని శాసనం చేసినవాడు ఋతవ్రతుడే.

సభలో ఆ మహర్షి లేచి, పట్టి తెచ్చిన కలభుని పక్కన నిలిచి, "మహారాజా, ఇతడు హోమశాల గడప దాటగా చూసినవారెవరో చెప్పండి. చెప్పలేకపోతే ఇతనికంటే ముందు నన్ను వెళ్లగొట్టండి" అన్నాడు. నిన్నటిదాకా పాదాలకు మొక్కినవారే మునికి మతి చలించిందని ఎగతాళి చేశారు. స్తంభం చాటునున్న ఆర్జవికి గుండె తరుక్కుపోయింది. నిజం చెబితే తండ్రి పరువు పోతుంది, చెప్పకుంటే ఏ పాపం ఎరుగని కలభుడు దేశం విడవాలి. ఏడుస్తూ వచ్చి తండ్రి ఉత్తరీయం పట్టుకుని జరిగినదంతా చెప్పేసింది.

ఋతవ్రతుడు వంగి ఆమె తలపై చేయి ఉంచాడు. ఆ చేయి వణకడం ఆమెకు తెలిసింది.

"తల్లీ, నువ్వు దాచినందుకు బాధపడ్డాను. కానీ చెప్పావు, నాకీ జన్మకిది చాలు" అని కన్నీరు తుడిచి, కలభునికి చేతులు జోడించి క్షమాపణ వేడి, "రాజా, అగ్నిరక్షణ గృహస్థు ధర్మం. బిడ్డకు వదిలి వెళ్లినవాణ్ణి నేను. శాసనం నాకూ ఒకటే" అంటూ ధర్మదండాన్ని పీఠంపై ఉంచి, ఆర్జవిని వెంటబెట్టుకుని సభ దాటాడు.

కలభుడు వెనకే పరుగెత్తుకొచ్చి, "సామీ, పాప అంత దూరం నడవలేదు. నేనెత్తుకుంటా" అన్నాడు.

పొలిమేర వద్ద సప్తజిహ్వుడు, హవ్యవాహనుడు అయిన అగ్నిదేవుడు ప్రత్యక్షమై, "మహర్షీ, అన్నం వండే పొయ్యిలోనూ ఉన్నది నేనే. దాచిన మాటే హవిస్సుకు అడ్డుపడింది, అది తొలగింది. బాలా, వరం కోరుకో" అన్నాడు.

"స్వామీ, మా తండ్రి చేయి ఇంకా వణుకుతోంది. అది తగ్గితే చాలు" అన్నది ఆర్జవి.

"తథాస్తు" అన్నాడు అగ్ని. ఆ మాటతోనే వాన కురిసింది. సుకేతుడు తడుస్తూ వచ్చి కలభుని సత్కరించి, ధర్మదండాన్ని తిరిగి మహర్షికి అందించాడు. అందుకున్న చేయి వణకలేదు.

ఈ కథ విన్న బిడ్డలకు తండ్రి ఎదుట నిజం చెప్పే ధైర్యాన్ని, తండ్రులకు దాన్ని వినే ఓర్పును ఆ హవ్యవాహనుడు ప్రసాదించుగాక.