ఎన్ని జీబీలకు ఎన్ని రాళ్ళు

కొండ దిగువన ఒక దొడ్డి ఉండేది. అందులో ఓబయ్య అనే ముసలి ఎద్దు, కాటుకమ్మ అనే గేదె, వీరన్న అనే పొట్టేలు, లచ్చి అనే మేక, ఒక పుల్లావు, వాటి పిల్లాజెల్లా కాపురముండేవి. వేసవి ముదిరి దిగువన గడ్డి మాడిపోగానే మందంతా కొండెక్కి, కనుమ దాటి, అవతలి లోయకు మేతకు పోయేది. తొలకరి పడ్డాకే తిరిగి రావడం. లోయలో గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది గానీ, సెల్ సిగ్నల్ అన్నది మచ్చుకైనా ఉండదు.

కిందటి వేసవిలో పుల్లావు దూడ ఆ లోయలో ఏదో ఆకు తిని పొద్దు వాలేలోపు ప్రాణం వదిలేసింది. అది ఏ ఆకో, ఏం చేస్తే బతికేదో చెప్పే దిక్కు లేకపోయింది. వైద్యం తెలిసిన కొంగ డాక్టరు చెరువును వదిలి కనుమ దాటి వచ్చే రకం కాదు. ఈ ఏడు పుల్లావుకు మళ్ళీ దూడ పుట్టింది. ఈసారి లోయకు రానని, ఆకలితో చచ్చినా ఇక్కడే చస్తానని అది భీష్మించుకుని కూర్చుంది.

అప్పుడు కొంగ డాక్టరే ఒక దారి చెప్పాడు. ఏ ఆకు విషం, ఏది తింటే ఏం తాగించాలి, కడుపుబ్బితే ఎటువైపు పడుకోబెట్టాలి, అన్నీ వీడియోలు తీసి తన ఫోనులో ఉంచాడట. దొడ్డివాళ్ళంతా కలిసి ఒక టాబ్లెట్ కొనుక్కుంటే అందులోకి ఎక్కించి ఇస్తానన్నాడు. పుల్లావు కళ్ళు తుడుచుకుని, అలాగైతే వస్తానంది.

కొనే పని ఓబయ్య మెడకు చుట్టుకుంది. ఓపికంటే ఓబయ్యదే అని దొడ్డిలో పేరు. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళెప్పుడూ నలుగురిని వెంటబెట్టుకుని టాబ్లెట్ కొనడానికి పోయి ఉండరు.

ఓబయ్య ముందుగా కొంగ డాక్టరు దగ్గరకు పోయి లెక్క తెలుసుకున్నాడు. వీడియోలు పదహారు జీబీలు, ఆకుల బొమ్మలు రెండు, లోయ పటం ఒకటి. టాబ్లెట్ నడవడానికి దాని సొంత సామానే ఓ పదిహేను జీబీలు తింటుందని, పెట్టె మీద రాసినదంతా మనకు దక్కదని డాక్టరు హెచ్చరించాడు. కాస్త ఊపిరాడే చోటు కలుపుకున్నా అరవై నాలుగు జీబీలది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఓబయ్య ఆ అంకె ఒకటి మనసులో పెట్టుకుని నింపాదిగా బయల్దేరాడు. తీరా చూస్తే కాటుకమ్మ, వీరన్న, లచ్చి కూడా వెనకాలే వస్తున్నాయి. అందరి వస్తువును ఒక్కడే ఎలా ఎంచుతాడని వాటి అనుమానం.

టాబ్లెట్లు అమ్మేది నక్క శేషయ్య. వాగు ఒడ్డున పొదల నీడలో అంగడి. ఓబయ్య అరవై నాలుగు అనగానే శేషయ్య కాదనలేదు. కాదనే నక్క అయితే అంగడి ఎప్పుడో మూతపడేది. అలాగే మామా అంటూ చిన్న టాబ్లెట్ తీసి ముందు పెట్టాడు, పెట్టి, మొహం కాటుకమ్మ వైపు తిప్పాడు.

"అత్తా, పచ్చగడ్డి కనబడితే నువ్వేం చేస్తావు? అక్కడే నిలబడి నమిలి తింటావా?"

"అంత తీరిక ఎవరికుంటుంది నాయనా? దొరికినంత ముందు మింగేస్తా. నీడకు చేరాక నెమరేసుకుంటా."

"మరి ఓబయ్య మామ నిన్ను అరవై నాలుగులో నెమరెయ్యమంటున్నాడే. నాలుగు అరల పొట్ట ఉన్నదానివి, నీకది ఒక మూలకైనా వస్తుందా?"

అంతే. కాటుకమ్మ మొహం మాడిపోయింది. మూడు నెలలు లోయలో పొద్దెలా పోతుందని వీరన్న అందుకున్నాడు. తను తీసే ఫోటోలు ఎక్కడ పెట్టుకోవాలని లచ్చి గొడవ పెట్టుకుంది. మనకు కావలసింది వైద్యం వీడియోలని, వాటికి ఇది చాలని ఓబయ్య ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు, మూడోసారి చెప్పేసరికి వాళ్ళు ఐదువందల పన్నెండు జీబీల టాబ్లెట్‌ను పట్టుకుని చూసుకుంటున్నారు. చిన్నదానికి ఒక కుండ వెన్న అయితే, దానికి నాలుగు కుండలు. పోనీలే, చోటు ఎక్కువైతే వచ్చే నష్టమేముందిలే అని ఓబయ్య ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడం తలుచుకుని తరవాత తనను తనే తిట్టుకున్నాడు.

తొమ్మిది రోజులు గడిచాయి. తెల్లవారితే ప్రయాణమనగా కొంగ డాక్టరు ఫోను మెడకు తగిలించుకుని వచ్చాడు. వీడియోలు ఎక్కించబోతే టాబ్లెట్ చోటు లేదంది. ఓబయ్యకు నమ్మకం కలగలేదు. ఇంకోసారి నొక్కమన్నాడు. మళ్ళీ అదే మాట.

లోపల ఏముందో చూద్దామని కూర్చున్న ఓబయ్యకు తల తిరిగిపోయింది. కాటుకమ్మ ఒక సీరియల్ ఆరువందల భాగాలు మింగించి పెట్టింది. అందులో చూసింది మూడు. వీరన్న దొడ్డి గుంజను కుమ్ముతున్న వీడియోలు రోజుకు పది ఉన్నాయి, అదే గుంజ, అదే కొమ్ములు. లచ్చి ఏ ఆకు తిన్నా తినే ముందు ఏడు ఫోటోలు, తిన్నాక ఖాళీ కొమ్మకు ఏడు ఫోటోలు తీసి పెట్టుకుంది.

ఎవరివి వాళ్ళు కొంచెం తీసెయ్యండని ఓబయ్య బతిమాలాడు. నావి ఎంతనీ, ముందు గేదెను తీసెయ్యమను అని లచ్చి అంది. అసలు కథ నాలుగొందల భాగం తరవాతే మొదలవుతుందట, ఎలా తీసేస్తానంది కాటుకమ్మ. గుంజ విరిగే రోజు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి ఒక్కటీ తియ్యడానికి వీల్లేదన్నాడు వీరన్న. వీటన్నిటికీ బరువా పాడా, అవి లోపలుంటే నీకేం పోయిందని ముగ్గురూ కలిసి ఓబయ్యనే నిలదీశారు.  పుల్లావు దూడను పొట్ట కిందకు లాక్కుని, లోయకు రాననేది మళ్ళీ మొదలుపెట్టింది.

కబురు ఎవరు చేరవేశారో, శేషయ్య అప్పుడే ఊడిపడ్డాడు. రెండు ఉపాయాలు చెప్పాడు. ఒకటి, ఇంకో టాబ్లెట్ కొనడం. రెండోది, వైద్యం వీడియోలు తన బొరియలో దాచి, కావలసినప్పుడు సిగ్నల్ మీద తెప్పించుకోవడం. లోయలో సిగ్నలెక్కడిది అని ఓబయ్య అడిగితే, ఎత్తైన బండెక్కి నిలబడితే ఒక్కోసారి వస్తుందని విన్నానన్నాడు. కడుపుబ్బిన దూడను నోట కరుచుకుని బండలెక్కాలా అని అడగడానికి కూడా ఓబయ్యకు ఓపిక లేకపోయింది. పొమ్మన్నాడు. ఎవరినైనా పొమ్మనడం ఓబయ్య జన్మలో అదే మొదటిసారి.

తెల్లారి మంద బయల్దేరేసరికి దొడ్డి వాకిట్లో ఓబయ్య అడ్డంగా నిలబడి ఉన్నాడు. పక్కన రాళ్ళ గుట్ట, గోతాలు ఉన్నాయి. టాబ్లెట్‌లో ఎవరి సరుకు ఎంతుంటే, ఇరవై జీబీలకు ఒక రాయి చొప్పున వాళ్ళ మెడకు గోతంలో కట్టాలి. కట్టించుకున్నవాళ్ళే కదులుతారు. సరుకు తీసేసినప్పుడు రాయి తీసేస్తారు. ఇదీ షరతు.

"ఇదెక్కడి న్యాయం ఓబయ్యా? లోపలున్నవాటికి బరువే లేదు కదా," అంది కాటుకమ్మ.

"బరువు లేదనే కదమ్మా మీరందరూ మింగించింది. ఇప్పుడు ఉంటుంది. నడవండి."

లచ్చికి మూడు రాళ్ళు, వీరన్నకు ఐదు, కాటుకమ్మకు పదహారు పడ్డాయి. కాటుకమ్మ వీపు మీద కొంగ డాక్టరు కూడా కూర్చున్నాడు. కనుమ దాకా వస్తానని, చోటు ఖాళీ అయితే అక్కడ వీడియోలు ఎక్కించి వెనక్కి పోతానని ఆయన మాట. అవి ఎక్కితేనే కనుమ దాటుతానని పుల్లావు కూడా దూడతో వెనకాల కదిలింది.

మొదటి మలుపులోనే లచ్చి నిలబడిపోయింది. ఖాళీ కొమ్మల ఫోటోలు తుడిచేసి ఒక రాయి దించుకుంది. రెండో మలుపులో నిండు కొమ్మలవీ పోయాయి. వీరన్న మగతనం కొద్దీ నాలుగు మలుపులు లాగి, అయిదో మలుపులో గుంజను కుమ్మిన వీడియోలన్నీ ఒక్క దెబ్బకు తుడిపించేశాడు. కాటుకమ్మ ఒగురుస్తూ, ఓబయ్యను తిడుతూ, అతని పూర్వీకులను తిడుతూ ఎక్కింది. నిట్టెక్కుడు వచ్చాక మోకాళ్ళ మీద కూలబడి, చూసిన మూడు భాగాలూ ఉంచి తక్కినవన్నీ తియ్యమంది. ఇంకో పది అడుగులు వేసి ఆ మూడూ కూడా వద్దంది. ఇదేదో నిన్ననే ఏడ్చి ఉంటే నాకీ కొండ ఇంత ఎత్తుండేది కాదు కదా అని ఓబయ్య లోలోపల గొణుక్కున్నాడు.

కనుమ చేరారు. అందరి మెడలూ ఖాళీ. డాక్టరు ఫోను తీసి వీడియోలు ఎక్కించబోయాడు. టాబ్లెట్ మళ్ళీ చోటు లేదంది.

ఓబయ్య టాబ్లెట్‌ను లోయలోకి విసిరేద్దామా అనుకున్నాడు. అవతల పుల్లావు దూడను చాటు చేసుకుని వెనక్కి తిరిగింది. దాని మొహం చూసి ఓబయ్య కోపం దిగమింగుకుని మళ్ళీ లోపల వెతికాడు. గేదెది లేదు, పొట్టేలుది లేదు, మేకది లేదు. ఉన్నవన్నీ శేషయ్య అంగడి ప్రకటనలే. దారిపొడవునా వీళ్ళు ఒకటి తుడిస్తే, ఆ ఖాళీలోకి సిగ్నల్ మీద శేషయ్య ప్రకటన ఒకటి వచ్చి కూర్చుంటోంది. అవి చెరిపేద్దామంటే శేషయ్య పంజా గుర్తు అడుగుతోంది.

శేషయ్య కోసం వెతుక్కోనక్కర్లేకపోయింది. అడ్డదారిన ముందే వచ్చి, కనుమ బండ మీద సంచీ విప్పి కూర్చుని ఉన్నాడు. చోటు చాలలేదా మామా, అందుకే ఇంకోటి పట్టుకొచ్చాను, ఇది దాటితే నేను దొరకను మరి అన్నాడు.

"శేషయ్యా, ఇందులో నీ సరుకు ఎంతుంది?"

"అవా? అవి దాంతోపాటు వచ్చేవి మామా. పట్టించుకోకండి."

"ఎవరి సరుకుకు వాళ్ళకు రాళ్ళు. ఇది మా మంద షరతు."

"నేను మీ మందవాణ్ణి కాదు కదా."

"నీ సరుకు మా మందతో వస్తోంది కదయ్యా," అని ఓబయ్య గోతం నోరు తెరిచాడు.

శేషయ్య లేచి జారుకోబోయాడు. పదహారు రాళ్ళు మోసిన మెడ ఇంకా కుదుటపడని కాటుకమ్మ దారికి అడ్డంగా పడుకుంది. రెండో వైపు వీరన్న నిలబడ్డాడు. ఇన్నాళ్ళకు గుంజ కాని గుంజ ఒకటి దొరికిందన్న సంతోషం వాడి మొహంలో కనబడుతోంది. కనుమలో రాళ్ళకు కొదవ లేదు. మూడో రాయికి శేషయ్య వంగాడు, ఆరో రాయికి గడ్డం నేలకు ఆనింది, ఎనిమిదో రాయికి పంజా చాపాడు. పంజా గుర్తు పడగానే ప్రకటనలన్నీ ఎగిరిపోయాయి. మళ్ళీ ఇంకోటి వచ్చి కూర్చోకముందే ఓబయ్య టాబ్లెట్‌ను నాలుగడుగులు అవతలికి, సిగ్నల్ లేని పక్కకు దాటించేశాడు. అక్కడ డాక్టరు తన ఫోనులోంచి వీడియోలన్నీ ఎక్కించాడు. ఎక్కించాక కూడా ఇంకా బోలెడు చోటు మిగిలింది. దాంట్లో ఏదైనా పెట్టుకోవచ్చా అని ఎవరూ అడగలేదు.

పుల్లావు దగ్గరకొచ్చి మొదటి వీడియో పెట్టించుకుంది. డాక్టరు ఒక్కో ఆకునూ చూపించుకుంటూ పోతున్నాడు. మూడో ఆకు దగ్గర పుల్లావు ఆపమంది. చాలాసేపు చూసింది.

"ఇదే. దీన్నే నోట్లో పెట్టుకుని నా దగ్గరకొచ్చింది," అంది.

తరవాత దూడను ముందుకు నెట్టి, దాని మూతి టాబ్లెట్‌కు ఆనించి, ఆ ఆకును మళ్ళీ మళ్ళీ చూపించింది. దూడకు విసుగు పుట్టినా వదల్లేదు. అది కళ్ళు మూసుకుని కూడా ఆ ఆకు ఎలా ఉంటుందో చెప్పాకే లోయలోకి అడుగు పెట్టింది.

శేషయ్య ఒరుసుకుపోయిన మెడతో, అమ్ముడుపోని టాబ్లెట్ల సంచీని ఈడ్చుకుంటూ కొండ దిగిపోయాడు.

నీతి: ఎంత చోటు కావాలని అడిగే ముందు, ఏది లేకపోతే ప్రాణం మీదికొస్తుందో దాన్ని మొదట లోపల పెట్టుకోవాలి.