ఎర్రమెట్ట మీది ఊదాపువ్వు

ఎర్రమెట్ట కొండ మీది ఊదాపూల దుంపమొక్క ఎలా మాయమైందన్నది రత్నశ్రీ పరిశోధన. అంతా రాసేసింది గానీ, మాయం చేసిందెవరో తేల్చే చివరి అధ్యాయమే కొరకరాని కొయ్యయి కూర్చుంది. మేకల కాపరులంది, పోడు కొట్టేవాళ్లంది, కార్చిచ్చంది. దేనికీ రుజువు దొరకలేదు.

ఆ రోజు మాత్రం ఏనుగెక్కినంత సంబరంగా వచ్చింది. విశ్వవిద్యాలయంలో ఎండుమొక్కలు దాచే గదిలో ఇస్సాకు మాస్టారు ఒక్కరే ఉన్నారు. ఏళ్ల తరబడి ఆ గదే ఆయన లోకం.

"మాస్టారూ, దొరికిందండీ! పూర్తిగా పోలేదు. రాతి నెర్రెలో ఒక్కటంటే ఒక్కటి!" అంటూ రేకుడబ్బా మూత తీసింది.

లోపల దుంపతో సహా పెకలించిన మొక్క. వేరు లేని నమూనా నమూనాయే కాదని నేర్పింది ఆయనే మరి.

మాస్టారు మెచ్చుకోలేదు, కోప్పడలేదు. బీరువా తెరిచి ఒక అట్ట తీసి బల్ల మీద పెట్టారు. ఎప్పుడో తెల్లదొరల కాలంలో ఒకాయన దాని మీద అతికించిన అదే జాతి మొక్క. ఎర్రమెట్టదే. దుంపతో సహా.

దాని పక్కన ఇంకొకటి పెట్టారు. ఆ పక్కన మరొకటి. బల్ల చాలక కిటికీ గట్టు మీద, కుర్చీల మీద పరిచారు. ఒక్కో అట్ట మీద, పెకలించి తెచ్చిన ఒక్కో పండితుడి పేరు.

"వీటిల్లో మేకలు తిన్నవి ఎన్నమ్మా?" అన్నారు.

రత్నశ్రీకి ఇన్నాళ్లూ కాపరులను ఆడిపోసుకున్నందుకు సిగ్గేసింది. డబ్బా పట్టుకున్న తన చేతులు చూసుకుంటే ఇంకా సిగ్గేసింది.

ఆఖరి అట్ట మీది పేరు చదివి చప్పున తలెత్తింది. అది ఇస్సాకు మాస్టారి పేరే. ఆయన చూపు తిప్పుకోలేదు.

మాస్టారు కొత్త అట్ట ఒకటి తీసి ఆమె ముందు పెట్టారు. కలం మూత తీశారు.

"దీని మీద నీ పేరు రాయనా?"

రత్నశ్రీ డబ్బాలోకి చూసింది. దుంపకు ఇంకా తడిమట్టి అంటుకునే ఉంది.

"ఎర్రమెట్టకు ఈ పూట ఇంకా బస్సుందాండీ?" అంది.

మాస్టారు కలం మూసి, జేబురుమాలు కూజా నీళ్లలో తడిపి దుంపకు చుట్టారు.

"ఉందమ్మా. పద, నేనూ వస్తాను."