ఎర్నమ్మ పాటకు సరిపడే సూది

బొబ్బిలి అవతల ఒక ఊళ్ళో పైడయ్యా, సన్యాసయ్యా అని ఇద్దరు అన్నదమ్ములుండేవారు. ఊళ్ళో తెలివంటూ ఉంటే అది తమ గుమ్మం దాటి బయటికి పోలేదని వాళ్ళ నమ్మకం. వాళ్ళింట్లో గోడ గడియారం పదింపావు దగ్గర ఆగిపోయి నాలుగేళ్ళయింది. బాగుచేయించరేం అని ఎవరైనా అడిగితే పైడయ్య జాలిగా నవ్వేవాడు. అది ఆగాక మా ఇంట్లో ఏ పనికీ ఆలస్యం కాలేదు, మరి మీ ఇంట్లోనో అనేవాడు. అడిగినవాళ్ళ ఇంట్లో రోజూ ఆలస్యమే. ఇంకేముంది, తల దించుకుని వెళ్ళిపోయేవారు.

అలాంటి పైడయ్యకి కూతురి పెళ్ళిలో పెద్ద చిక్కొచ్చి పడింది.

"మామ్మ హారతి పాట వినపడితేనే తాళి కట్టించుకుంటాను నాన్నా, లేకపోతే లేదు" అని నీలవేణి భీష్మించుకుంది.

మామ్మంటే పైడయ్య తల్లి ఎర్నమ్మ. పోయి పదేళ్ళయింది. ఎప్పుడో మద్రాసులో ఆవిడ చేత పాడించిన గ్రామఫోను ప్లేటు ఒక్కటే ఇంట్లో మిగిలింది. దాన్ని పెట్టి చూస్తే పాట రాలేదు, మూకుట్లో పకోడీలు వేగుతున్న చప్పుడొచ్చింది.

అన్నదమ్ములు గ్రామఫోను మిషను నెత్తిన పెట్టుకుని, బొబ్బిలిలో రేడియోలు బాగుచేసే మస్తాన్ సాయిబు దగ్గరికి పరిగెత్తారు. సాయిబు ఓపిగ్గా చెప్పాడు. సూది ఉండే ఈ చిన్న డబ్బీని కార్ట్రిడ్జి అంటారు, దాన్ని మోసేది ఈ పొడుగాటి కాడ, రెండిటికీ పొత్తు కుదరాలి అన్నాడు. బిరుసు సూదికి బరువు కాడ, మెత్తని సూదికి తేలిక కాడ. మీరు బరువు కాడకి మెత్తని సూది తగిలించారు, అందుకే అది కూలబడి ప్లేటుని గీకేస్తోంది అన్నాడు. తేలిక కాడ ఒకటీ, బిరుసుదొకటి మెత్తనిదొకటి సూది డబ్బీలు రెండూ పొట్లం కట్టిచ్చాడు.

"ఒక్కటి గుర్తుంచుకోండి. సూది ఎంత తేలిగ్గా ఆనాలంటే, కింద చీమ ఉన్నా చావకూడదు."

ఇంటికొచ్చాక రెండు సూదుల్లో మెత్తనిదేదో తేలాలి కదా. సన్యాసయ్య అన్న బొటనవేలికి ఒకటి గుచ్చాడు. రక్తమొచ్చింది. రెండోది గుచ్చితే దానికీ వచ్చింది. నాది నాగలి పట్టిన వేలురా, దీనికి తేడా తెలీదు, మీ వదినకి గుచ్చు అన్నాడు పైడయ్య. వదిన నర్సమ్మ, నాది అంట్లు తోమే చెయ్యి, పెళ్ళికూతురికైతే బాగా తెలుస్తుంది అంది. అంతే, సాయంత్రానికి ఇంటిల్లిపాదికీ వేళ్ళకి గుడ్డ పీలికలే. నీలవేణి ఏ సూదికి తక్కువ ఏడ్చిందో అదే మెత్తనిదని తేల్చి, తేలిక కాడకి బిగించారు.

ఇక చీమ. సన్యాసయ్య గోడవార ఒకదాన్ని పట్టి ప్లేటు మీద వదిలాడు. సూది దించేలోగా అది దాని దారిన పోయింది. ఇంకోటి తెస్తే అదీ అంతే. ఈ చీమలకి బొత్తిగా నిలకడ లేదని విసుక్కుని పైడయ్య ప్లేటంతా బెల్లం పాకం పూయించాడు. ఇంకేముంది, పిలవని పేరంటానికి వీధిలో చీమలన్నీ దిగాయి. దించిన సూది పాకంలో అతుక్కుపోయింది.

"చూశావా అన్నియ్యా, ఒక్కటీ చావలేదు. సాయిబు చెప్పినట్టే కుదిరింది" అన్నాడు సన్యాసయ్య.

కుదిరింది, కానీ పాటేదీ? అమ్మ గొంతు మీద చీమలు బారులు కట్టి పాకుతుంటే పైడయ్య రాత్రంతా విసనకర్రతో విసురుతూ కూర్చున్నాడు. మర్నాడే పెళ్ళి, తెల్లారేసరికి వెళ్ళి సాయిబు కాళ్ళ మీద పడ్డాడు. సాయిబు పెళ్ళి పందిట్లోకే వచ్చి, ప్లేటు కడిగి, సూది మార్చి, కాడ వెనక బరువు బిళ్ళని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, అప్పుడు దించాడు.

ఎర్నమ్మ పాడింది. పక్క గదిలోంచి పాడినట్టే ఉంది. నీలవేణి కళ్ళు తుడుచుకుని, ఇక తాళి కట్టించుకుంటానంది. సాయిబు చేతులు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళాడు.

హారతి పాడిన ముత్తయిదువని ఉత్త చేతులతో పంపుతారా ఎక్కడైనా? పైడయ్య ఆకూ వక్కా, రెండు అరటిపళ్ళూ, రవికగుడ్డా తెచ్చి తిరుగుతున్న ప్లేటు మీద పెట్టి దణ్ణం పెట్టాడు. పళ్ళు గిర్రున తిరిగి ఒకటి పంతులుగారికీ ఒకటి పెళ్ళికొడుక్కీ తగిలాయి.

మామ్మ తాంబూలం విసిరికొట్టిందని నీలవేణి మళ్ళీ బిగుసుకుంది. ఉత్త రవికగుడ్డ పెడితే ఎవరికి మాత్రం కోపం రాదు, చీర పెట్టు అన్నాడు సన్యాసయ్య. పైడయ్య తొమ్మిది గజాల చీర తెచ్చి కొంగు అందించాడు. ప్లేటు చీరని చుట్టుకోవడం మొదలెట్టింది. అమ్మ కట్టుకుంటోందిరా అని పైడయ్య మురిసిపోయాడు. చీర అయిపోయి, దాంతోపాటు పెళ్ళికొడుకు కండువా కూడా అందులో పడింది. పాపం ఆ పిల్లాడు దాన్ని విడిపించుకోబోయి మిషను చుట్టూ తిరుగుతుంటే, సన్యాసయ్య అడుగులు లెక్కపెట్టి, ఏడూ అయ్యాయని పందిరంతా వినపడేలా చెప్పాడు.

నీలవేణి తెల్లబోయింది. "ఏడడుగులూ మామ్మతో నడిచేశాడుగా నాన్నా. మరి ఇప్పుడు నాకేమవుతాడు?"

పైడయ్య గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. ఇలాంటి చిక్కు విప్పడానికేగా ఆ ఇంట్లో అంత తెలివి ఉన్నది.

"ఇంకేమవుతాడమ్మా, తాతయ్య" అన్నాడు. "కాళ్ళకి దణ్ణం పెట్టుకో."

నీలవేణి బుద్ధిగా పీటల మీంచి లేచి, పెళ్ళికొడుకు కాళ్ళకి మొక్కి, తనకొక మంచి మొగుణ్ణి చూసి పెట్టమంది.