అంగుళం దూరంలో ఆగిన గుద్దు

చక్రధర్ ఆ సాయంత్రం కరాటే డ్రెస్సు వేసుకోకుండా క్లాసుకి వచ్చాడు. ఒక చేతిలో తన నల్ల బెల్టు, ఇంకో చేతిలో కత్తెర.

"ఇది నాకొద్దు మాస్టారూ. మీ ముందే కోసేసి వెళ్ళిపోతాను," అన్నాడు. "నాగరత్నం గారిని చంపింది ఆ దొంగవెధవలు కాదు. నేను."

మా కరాటే క్లబ్బు సామర్లకోటలో ఒక పాత ధాన్యం గోడౌనులో నడుస్తుంది. దానియేలు మాస్టారు మా గురువు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. పది మాటలు కావాల్సిన చోట ఒక్క మాటతో సరిపెట్టే మనిషి. ఆయన కింద మేమిద్దరం అసిస్టెంట్లం. చిన్నపిల్లల్ని నేను చూసుకుంటాను, నన్నందరూ కాత్యాయని అక్క అంటారు. పోటీలకెళ్ళే పెద్దపిల్లలు చక్రధర్ పని. నిండా పాతికేళ్ళు లేవు గానీ, పట్టిన పట్టు వదిలే రకం కాదు.

జరిగింది చెప్తాను. చెప్పడానికి నోరు రాదు, అయినా చెప్పాలి.

ప్రవల్లిక మా క్లబ్బు పిల్ల. ఇంటర్ చదువుతోంది. పోటీల్లో రూలు ఏంటంటే, గుద్దు ఎదుటివాళ్ళకి తగలకూడదు. మొహం దాకా జోరుగా వెళ్ళి, అంగుళం దూరంలో ఆగాలి. ఆగితే పాయింటు, తగిలితే తప్పు. ఆ ఆపడంలో ప్రవల్లికని మించినవాళ్ళు మా జిల్లాలో లేరు. చక్రధర్ దూలానికి దారం కట్టి, దానికి కాగితం ముక్క వేలాడదీసి గుద్దించేవాడు. కాగితం కదిలిందా, దండీలు తియ్యాల్సిందే. చేతులు వాచిపోయినా వదిలేవాడు కాదు. చివరికి ఆ పిల్ల ఎంత సాధించిందంటే, ఎంత జోరుగా గుద్దినా కాగితం ఇసుమంత కూడా కదిలేది కాదు. వాళ్ళమ్మ నాగరత్నం గోడౌను గుమ్మంలో కూర్చుని చప్పట్లు కొట్టేది. మేమందరం కొట్టేవాళ్ళం.

పోయిన నెల ఒకరోజు క్లాసయ్యాక తల్లీకూతుళ్ళు నడిచి ఇంటికి వెళ్తున్నారు. కాలవ గట్టు మలుపులో ఇద్దరు బండి మీద వచ్చి నాగరత్నం మెళ్ళో పుస్తెలతాడు పట్టుకున్నారు. ప్రవల్లిక గట్టిగా అరిచి, ఒక్క అంగలో ముందుకెళ్ళి, వెనక కూర్చున్నవాడి మొహం మీదికి గుద్దు విసిరింది. వాడు భయపడి కళ్ళు మూసేసుకున్నాడట. గుద్దు వాడి ముక్కుకి అంగుళం దూరంలో ఆగిపోయింది.

అంతే. ఆగిపోయింది. మేం నేర్పినట్టే ఆగిపోయింది.

వాడు కళ్ళు తెరిచాడు. నవ్వాడట కూడా, వాడి బతుకు బుగ్గికాను. బండి లాగించేశారు. నాగరత్నం తాడు వదల్లేదు. బండితో పాటు ఈడ్చుకుపోయి కల్వర్టు అంచుకి తల కొట్టుకుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళే దారిలోనే పోయింది. ఇదంతా అక్కడ సోడా బండి దగ్గరున్నవాళ్ళు చూసి చెప్పింది. ప్రవల్లిక అయితే ఇంతవరకూ ఒక్క ముక్క చెప్పలేదు.

ఊళ్ళో జనం మాత్రం ఊరుకున్నారా! "ఇన్ని కప్పులు తెచ్చింది, తల్లి కోసం ఒక్క దెబ్బ కొట్టలేకపోయిందా," అన్నారు. దినం భోజనాల్లో విస్తరి ముందు కూర్చుని, ఆ పిల్లకి వినపడేలా అన్నారు. వాళ్ళ నోళ్ళు పడిపోను.

అదీ సంగతి. చక్రధర్ ఆ బెల్టు కొయ్యడం మొదలెట్టాడు. నల్ల బెల్టంటే లోపల పొరలు పొరలుగా కుట్టి ఉంటుంది, ఇంట్లో వాడే కత్తెరకి ఎక్కడ తెగుతుంది? కత్తెర జారిపోతోంది. నా క్లాసు పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, వాళ్ళని బయట ఆడుకోమని పంపేశాను.

మాస్టారు వద్దంటారనుకున్నాను. చేతిలోంచి లాక్కుని నాలుగు చివాట్లు పెడతారనుకున్నాను. ఆయన మెల్లిగా వచ్చి, బెల్టు రెండో కొస పట్టుకుని బిగించి లాగారు.

"ఇప్పుడు కొయ్యి," అన్నారు.

చక్రధర్ బిత్తరపోయి చూశాడు.

"కొయ్యిరా. వదులుగా ఉంటే తెగదు."

కోశాడు. పళ్ళ బిగువున, ఒక్కో పొరా కోసుకుంటూ వెళ్ళాడు. చాలాసేపు పట్టింది. ఆయన పట్టు సడలించకుండా నిలబడ్డారు. బెల్టు రెండు ముక్కలయ్యాక తన చేతిలో ముక్క కింద పెట్టి అడిగారు.

"కాస్త తేలికపడ్డావా?"

వాడు తల దించుకున్నాడు. తేలికపడ్డాడు, అది మొహంలోనే తెలుస్తోంది. అందుకే తల దించుకున్నాడు.

"మంచిది. ఆ పిల్ల అన్నం తింటోందా?"

చక్రధర్‌కెలా తెలుస్తుంది, ఆ గడప తొక్కితేగా! శవాన్ని తీసుకెళ్ళే రోజు కూడా వీధి చివర నిలబడి అటునుంచి అటే వెళ్ళిపోయాడు. ఏ మొహం పెట్టుకుని వెళ్ళనక్కా అని నా దగ్గర ఏడ్చాడు గానీ వెళ్ళలేదు.

"తింటోంది మాస్టారూ," అన్నాను నేను. "ఎడంచేత్తో తింటోంది."

ఆయన నా వైపు తిరిగారు.

"కుడిచెయ్యి వాడట్లేదు. చున్నీలో చుట్టేసి పెట్టుకుంటోంది. అది నా చెయ్యి కాదంటుంది. మొన్న రోకలి తీసుకుని ఆ చేతిని చితక్కొట్టుకోబోతే వాళ్ళమ్మమ్మ అడ్డం పడిందట. రోకలి అటక మీద పెట్టేశానమ్మా, ఎన్నని దాచగలను అని ఆవిడ ఏడుస్తోంది."

మాస్టారు చెప్పులేసుకున్నారు.

"పద," అన్నారు చక్రధర్‌తో.

"నేనెందుకు మాస్టారూ? నన్ను చూస్తే తను ఇంకా..."

"పద."

ముగ్గురం నడిచే వెళ్ళాం. వాళ్ళది రెండు గదుల పోర్షను. ముందు గదిలో నాగరత్నం ఫొటో, దాని ముందు దీపం. ప్రవల్లిక గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. నెల రోజుల్లో పిల్ల సగమైపోయింది. కుడిచెయ్యి చున్నీలో మోచేతి దాకా చుట్టి ఒళ్ళో పడేసుకుంది.

"రండి బాబూ, రండి," అంటూ వాళ్ళమ్మమ్మ లేచి కుర్చీ జరిపింది. "మీరైనా చెప్పండి బాబూ దీనికి. నేను చెప్పి చెప్పి అలిసిపోయాను. ఒక్కగానొక్క కూతురు పోయింది, ఇప్పుడు ఇది కూడా నాకు దక్కేలా లేదు."

మాస్టారు కుర్చీలో కూర్చోలేదు. ప్రవల్లిక ఎదురుగా నేల మీద, కాళ్ళు మడిచి, మోకాళ్ళ మీద కూర్చున్నారు. క్లాసులో మేం ఆయన ముందు కూర్చునే పద్ధతి అది. ఆయన ఎవరి ముందూ అలా కూర్చోగా నేను చూడలేదు. చక్రధర్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మాస్టారూ, మీరు కింద కూర్చోవడమేంటి," అంటూ ఆ పిల్ల కంగారుగా లేవబోయింది.

"కూర్చో తల్లీ. ఆ చెయ్యి ఇలా తియ్యి."

"ఇది పనికిమాలిన చెయ్యి మాస్టారూ. మా అమ్మని లాక్కుపోతుంటే ఆగిపోయింది." గొంతులో ఏడుపు కూడా లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"చెయ్యికేం కాలేదమ్మా. ఏం నేర్పామో అదే చేసింది."

"ఏంటి మాస్టారూ?"

"ఆపడం. దానికి ఆపడం నేర్పింది మేము."

ఆ పిల్ల ఆయన మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో! తర్వాత గుమ్మం వైపు తిరిగి చక్రధర్‌ని చూసింది. వాడు అక్కడ ఉన్నాడని అప్పుడే గమనించినట్టుంది. మళ్ళీ మాస్టారి వైపు తిరిగింది.

"నిజంగా ఎవడైనా మీదికొస్తే ఆపొద్దు అని..." ఆ పిల్ల ముందుకి జరిగింది. "ఒక్కరోజు కూడా చెప్పలేదే మాస్టారూ మీరు! ఇన్నేళ్ళలో ఒక్కరోజైనా చెప్పలేదే!"

"చెప్పలేదమ్మా."

ఇంకేమీ అనలేదాయన. విధి అనలేదు. దేవుడి మాట ఎత్తలేదు. క్షమించమని కూడా అనలేదు. చేతులు తొడల మీద పెట్టుకుని, నిటారుగా అలాగే కూర్చున్నారు.

చున్నీ జారిపోయింది. పిడికిలి బిగిసింది. గుద్దు నేరుగా ఆయన ఛాతీ మీదికి వెళ్ళి, చొక్కాకి అంగుళం దూరంలో ఆగిపోయింది.

మళ్ళీ గుద్దింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"చూడండి! చూడండి మాస్టారూ, ఇప్పుడు కూడా ఆగుతోంది!" అని గొల్లుమంది. అమ్మ పోయిన రోజు నుంచి కంట తడి పెట్టని పిల్ల. పరిగెత్తుకెళ్ళి దాన్ని గుండెలకి హత్తుకోవాలనిపించింది. కానీ మాస్టారు కదల్లేదు, నేనూ కదల్లేదు.

ఆ తర్వాతి గుద్దు ఆగలేదు.

ధన్‌మని తగిలింది. ఆయన వెనక్కి ఊగి, సర్దుకుని, మళ్ళీ ముందుకి వచ్చి కూర్చున్నారు. ఇంకోటి తగిలింది. ఇంకోటి. ఇక లెక్క లేదు, పద్ధతి లేదు. "అమ్మా, అమ్మా" అంటూ రెండు చేతులతో ఆయన గుండెల మీదా భుజాల మీదా గుద్దుతూనే ఉంది.

"అయ్యో అయ్యో, గురువుగారే! నీకేం పట్టిందే!" అంటూ అమ్మమ్మ నెత్తి కొట్టుకుంది.

చక్రధర్ ఇక ఆగలేకపోయాడు. పోయినేడు గుండెకి ఆపరేషన్ అయిన మనిషి మాస్టారు. ఒక్క ఉరుకున వచ్చి ఆ పిల్ల మణికట్టు పట్టేసుకున్నాడు.

"వదులు," అన్నారు మాస్టారు. ఊపిరి అందక మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "ఆపకురా. అదొక్కటేగా మనం నేర్పింది."

చక్రధర్ చెయ్యి వదిలేశాడు. తర్వాత కళ్ళజోడు తీసి నా చేతికిచ్చి, ఆ పిల్లకి అందేంత దగ్గరగా, మాస్టారి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.