కాకరపాదుకి చేతులెలా వచ్చాయి

ఒకప్పుడు కాకరపాదుకి చేతులుండేవి కావు.

పాపం, నేలమీదే పాకేది. నేలమీదే పూసేది, నేలమీదే కాసేది. వాన పడిందంటే చాలు, కాయలు బురదలో కుళ్ళిపోయేవి. మిగిలిన ఒకటీ అరా ఎలుకలు కొరికేసేవి. ఏటేటా పాదులు తగ్గి తగ్గి, చివరికి లోకం మొత్తానికి ఒక్క పాదు మిగిలింది. ఆ పాదుకి ఒకే ఒక్క కాయ.

అది నూకాలు వాళ్ళ పెరట్లో, నేరేడు చెట్టు పక్కన ఉండేది.

నూకాలంటే ఎవరనుకున్నారు? కంచరి సింహాద్రి కూతురు. అయ్య బిందెల అంచుల్లో పెట్టగా మిగిలిన రాగి తీగ ముక్కలు ఏరుకుని, ఈ గుంటపిల్ల మెడబిళ్ళలు చేసేది. చెక్కపేడు, చింతగింజ, ఏటి గులకరాయి, ఏది దొరికితే అదే. చుట్టూ తీగ అల్లి, పైన చిన్న కొక్కెం తిప్పి, దారం ఎక్కించేది. దేనికీ చిల్లు మాత్రం పెట్టేది కాదు. "పట్టుకోవాలి గానీ పొడవకూడదు" అనేది.

ఆషాఢంలో మొదటి మబ్బు కనబడగానే కాకరపాదు గొంతెత్తింది.

"ఒలే నూకాలూ! పొయ్యిలోకి పోవాల్సిన చెక్కపేడుని మనుషుల మెళ్ళోకి ఎక్కించావు. నా ఒక్క కాయని ఆ కొమ్మకెక్కించలేవేటే?"

నూకాలు పకపకా నవ్వింది. "నువ్వు చేదు కదే! నిన్నెక్కించి ఏటి చేసుకోను?"

"చేదుగా ఉన్నోళ్ళు బతకకూడదని ఎవరే రాశారు? తియ్యనోళ్ళకే చోటంటే, ముందు మీ నాయనమ్మని ఇంట్లోంచి పంపించు!"

నాయనమ్మ మాట ఎంత చేదో ఊరందరికీ తెలుసు. ఆవిడ లేకపోతే ఆ ఇల్లు ఒక్క పూట గడవదనీ తెలుసు.

"సరే, నువ్వే గెలిచావు. ఈ కాయ కుళ్ళితే ఇంక లోకంలో కాకరన్నదే ఉండదు. ఉండు, తీగ తెస్తాను" అని పరిగెత్తింది.

తీగ తెచ్చేసరికి నేరేడు చెట్టు కొమ్మలు విదిలించింది. "ఆగాగు! కొమ్మ నాది. నన్నడిగేదెవరు? కాండం లేనోళ్ళు కిందుండాలి. అదీ పద్ధతి."

నూకాలు నడుం మీద చెయ్యేసింది. "మామా, నీకు కాండముంది, కాదనను. మరి కింద మట్టి లేకపోతే నిలబడతావా? నువ్వు నేలని పట్టుకుంటే పద్ధతి, ఇది నిన్ను పట్టుకుంటే తప్పా?"

నేరేడు కాసేపు ఆకులు గలగలలాడించింది. తరవాత గొంతు తగ్గించి అంది. "మాట బాగానే ఉందే పిల్లా. కానీ ఈ మచ్చ చూడు. మీ అయ్య నా కొమ్మకి మేకని కట్టాడు. మూడేళ్ళయింది, ఇంకా మానలేదు. కట్టేవాళ్ళందరూ మొదట మెత్తగానే కడతారు."

అది నిజమే. నూకాలు మచ్చ మీద చెయ్యి రాసి, "ఒక్కసారి చూడు మామా. తీగ కొరికితే విప్పేస్తాను" అంది.

తీగ ఒక కొస కాయ పక్కన పాదుకి చుట్టింది. రెండో కొస కొమ్మకి చుట్టి గట్టిగా బిగించింది. గాలి వచ్చి ఒక్క ఊపు ఊపింది. ఫట్! తీగ తెగింది. కొమ్మ మీద గాటు పడింది.

"చెప్పానా?" అంది నేరేడు.

ఈసారి మెత్తగా సాగేలా చుట్లు పెడదామనుకుంది నూకాలు. ఇంకో తీగ కట్టి, కొమ్మ వైపు నుంచి ఒకే వైపు తిప్పుకుంటూ చుట్లు చుట్టుకొచ్చింది. పాదు కెవ్వుమంది. "నా మెడ తిరిగిపోతోందే, ఆపవే తల్లీ!" నూకాలు గబగబా వెనక్కి తిప్పింది. మెలిపడిన రాగి పుటుక్కున మూడు ముక్కలయింది.

ఇంక తీగ లేదు. అయ్య సంతకెళ్ళాడు. ముక్కు మీద టప్పుమని ఒక చినుకు పడింది.

నూకాలు చెయ్యి తన మెడ మీదకి పోయింది. అక్కడ ఆమె చేసిన మొట్టమొదటి బిళ్ళ ఉంది. కాసేపు దాన్ని గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. తరవాత తీసి, చుట్లు ఒక్కొక్కటీ విప్పడం మొదలెట్టింది.

"ఏటే అది?" అంది నేరేడు.

"నీ పుల్లే మామా. నాకు ఆరేళ్ళప్పుడు గాలివానకి విరిగి పడింది. ఏరుకున్నాను. నాలుగేళ్ళయింది, మెళ్ళోంచి తియ్యలేదు."

నేరేడు కొమ్మ కిందికి వంచి చూసింది. నాలుగేళ్ళు రాగి చుట్టుకున్న చెక్క. నున్నగా మెరుస్తోంది. ఒక్క గాటు లేదు.

"కట్టు" అంది నేరేడు మెల్లగా.

తీగ రెండు కొసలూ కట్టింది. కానీ అది పొడుగెక్కువై, కాయ ఇంకా నేలనే తాకుతోంది. దాన్ని తుంచడానికి నూకాలుకి మనసొప్పలేదు. కింద పడున్న ఇంకో పుల్లని తీగ నడుమ ఆనించి గిరగిరా తిప్పింది. చిత్రం! పుల్లకి ఇటు చుట్లు ఒకవైపు, అటు చుట్లు రెండోవైపు పడ్డాయి. తీగ పొట్టిదైంది, కాయ పైకి లేచింది. ఎవరి మెడా తిరగలేదు. పుల్ల మెల్లగా లాగేసింది.

తొమ్మిది రోజులు కుండపోత. గాలి లాగితే తీగ సాగేది, వదిలితే ముడుచుకునేది. కాయ ఉయ్యాలూగుతూ పండింది. పసుపుపచ్చగా పగిలి, ఎర్రటి గింజలు రాల్చింది. ఆ తొమ్మిది రోజులూ పాదుకి వేరే పనేముంది? తీగ ప్రతి చుట్టునీ చూసి కంఠతా పట్టింది. రాలే ముందు ఒక్కో గింజ చెవిలోనూ చెప్పింది.

తరవాతి ఏడు మొలిచిన ప్రతి పాదుకీ సన్నటి పచ్చటి చేతులొచ్చాయి. ఒకటి గాల్లో తడుముకుంటూ పోయి నేరేడు కొమ్మని పట్టుకుంది.

"నొప్పా మామా?"

"నొప్పి కాదే. చక్కిలిగింత!"

నూకాలు తన రాగి తీగ తాను విప్పుకుని నేరేడు చెక్కకి మళ్ళీ చుట్టుకుంది. ఈసారి పక్కన ఒక కాకరగింజని కూడా కూర్చోబెట్టింది. చిల్లు పెట్టకుండానే!

చేదు మాత్రం కాకర వదులుకోలేదు. వదులుకోమని ఇంకెవరూ అడగలేదు కూడా.

అప్పటినుంచే కాకరపాదు ఆ చేతులతో, అదే నులితీగలతో, పైకి పాకుతోంది. నమ్మకపోతే పందిరి దగ్గరికెళ్ళి ఒక నులితీగని దగ్గరగా చూడండి. కొమ్మ వైపు చుట్లు ఒకలా తిరిగుంటాయి, పాదు వైపు చుట్లు ఇంకోలా. సరిగ్గా నడుమ కాస్త మేర ఏ చుట్టూ లేకుండా తిన్నగా ఉంటుంది. నూకాలు పుల్ల పెట్టిన చోటు అదే.