చందనం ధరకు గుర్రం

కేతవరం రాజు వీరభూపతికి ఒకనాడు పొద్దున్నే ఒక కోరిక పుట్టింది. దసరాకి రాణిగారు పేర్చే బొమ్మల కొలువులో ఈసారి అంబారీ ఏనుగు, దాని పక్కన పట్టపు గుర్రం ఉండాలి. చుట్టుపక్కల రాజ్యాల రాణులు వచ్చి చూసి ముక్కున వేలేసుకోవాలి.

కోరడం రాజుగారికి బాగా అలవాటే. ఖరీదు మాట వచ్చేసరికి మాత్రం పక్కవాళ్ల ముఖం చూస్తారు. ఈసారి బొక్కసం అధికారి సింగరయ్య ముఖం చూశాడు.

సింగరయ్య ఉత్తరీయం సర్దుకుని లేచాడు.

"ప్రభూ, బొమ్మలవాళ్లు నోటికొచ్చిన ధర చెబుతారు. అదేమంటే పనితనం అంటారు. కంటికి కనిపించని సరుకుకి వెల ఎలా కడతాం? కనిపించేది కర్ర. దాన్ని తూచి డబ్బిద్దాం. పిసినారులమన్న పేరు రాకుండా చందనం ధరే ఇద్దాం!"

మామూలు కర్రకి చందనం ధర! సభంతా ఆహా అంది. రాజు సరేనన్నాడు. సింగరయ్య కళ్లు అరమోడ్చి ఆ ఆహాకారాలు విన్నాడు.

రాజు వెనక తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడ్డ కొమ్మన మాత్రం సింగరయ్య వంక ఓరగా చూశాడు. రాజుగారికి ఆకు, వక్క అందించడం అతని ఉద్యోగం. తన సొమ్ము కాని దానితో దాత అనిపించుకునేవాళ్లని అతను చాలామందినే చూశాడు. ఆ దానం చివరికి ఎవరి నెత్తిన పడుతుందో కూడా చూశాడు.

ఈసారి అది బొమ్మల చిట్టప్ప నెత్తిన పడింది.

ఆ బొమ్మలు పొణికి అనే తేలికపాటి కర్రతో చేస్తారు. కర్రని తడి లేకుండా ఆరబెట్టి, సెగ చూపించి, ఆ తర్వాతే ఉలి పెడతారు. ఎంత తేలికగా ఉంటే అంత మంచి బొమ్మ. చిట్టప్ప వానాకాలమంతా కూర్చుని ఏనుగుని చెక్కాడు. దాని తొండం మీది ముడతలు చూసి రాజు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

తర్వాత త్రాసు తెచ్చారు. ఒక పళ్లెంలో ఏనుగుని, రెండో పళ్లెంలో కొబ్బరికాయని పెట్టారు. ఏనుగు గాల్లోకి లేచింది.

"అంబారీతో కలిపి ఇంతేనా?" అన్నాడు సింగరయ్య. "చందనం ధర కట్టినా నీకు దక్కేది ఇంతేనయ్యా. ఆ గుర్రం కూడా తొందరగా పట్రా."

చేతిలో పడ్డ డబ్బు రంగులకి చేసిన అప్పుకే చాలలేదు. కోట గుమ్మం దగ్గర కొమ్మన అతన్ని ఆపాడు.

"ఎక్కడికి చిట్టప్పా, అంత వడిగా?"

"కమ్మరి దగ్గరికి బాబూ. ఈ ఉలులు ఇచ్చేసి కొడవలి తెచ్చుకుంటా. కోతకి పోతే గింజలైనా దక్కుతాయి."

"మరి గుర్రం?"

"ఏనుగు తొక్కింది చాల్లేదా బాబూ? గుర్రం చేత కూడా తన్నించుకోవాలా?"

కొమ్మన నవ్వలేదు. ఈ ఉలులు కరిగిపోతే కేతవరంలో మళ్లీ బొమ్మ పుట్టదు. చిట్టప్ప చెవిలో ఏదో చెప్పాడు. చిట్టప్ప గుడ్లు తేలేశాడు.

"తల ఎగిరిపోతుంది బాబూ!"

"నాది ఎగిరాకే నీ దాకా వస్తుంది. వెళ్లు."

బొమ్మల కొలువు రేపనగా, సభ నడుస్తుండగా నలుగురు మనుషులు తాళ్లు కట్టి ఒక దుంగని లోపలికి ఈడ్చుకొచ్చారు. పచ్చి దుంగ. బెరడు కూడా తీయలేదు. వెనక చిట్టప్ప చేతులు కట్టుకుని వచ్చాడు.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

"తమరు చెప్పిన గుర్రం ప్రభూ. తూకం వేయించండి."

పెద్ద త్రాసు తెచ్చారు. రాళ్లు చాలక ధాన్యం బస్తాలు మోయించారు. చందనం ధర లెక్కగట్టేసరికి సింగరయ్య నుదుట చెమట పట్టింది.

"గుర్రం ఏదిరా ఇందులో?" అని అరిచాడు.

"లోపలే ఉంది దొరా. పైనున్న కర్ర తీసేస్తే బయటికొస్తుంది."

"మరి తీసి తేలేదేం?"

"తీసిన ప్రతి పేడూ చందనం ధరేనండి. ఏనుగుకి ఆ సంగతి తెలియక నా కూలంతా నేనే చెక్కి పొయ్యిలో పెట్టుకున్నాను."

"ఆరబెట్టనైనా లేదే! నీళ్లు కారుతున్నాయి!"

"నీళ్లకీ తమరు చందనం ధరే ఇస్తున్నారు కదండీ."

సభలో ఎవరో కిసుక్కుమన్నారు. రాజు నవ్వలేదు. మెల్లగా వెనక్కి తిరిగాడు.

"ఇంత తెలివి చిట్టప్పకి లేదు. కొమ్మనా, ఇది నీ పనేనా?"

"నా పనే ప్రభూ. కానీ తప్పు నాది కాదు. సింగరయ్యగారు కర్రకి వెల కట్టారు, కర్ర వచ్చింది. పనికి వెల కట్టలేదు, పని రాలేదు."

"అయితే ఉలి దెబ్బకి ఇంత అని కడదాం!" అన్నాడు సింగరయ్య, ఓటమి ఒప్పుకోకుండా.

"అప్పుడు గోరంత దెబ్బలు కొడుతూ కూర్చుంటాడండీ. గుర్రాన్ని చూసేది మీ మనవడి మనవడే."

ఇక రాజు ఆపుకోలేకపోయాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని అడిగాడు. "మరి వెల ఎలా కట్టాలోయ్?"

"చేసినవాణ్ణే అడగండి ప్రభూ. వాడు అప్పు తీర్చి, ఇంత తిని, ఇంకో బొమ్మ ముందు కూర్చునేంత మిగలాలి. ఎక్కువనిపిస్తే కొనడం మానేయండి. కొని తక్కువివ్వడం మాత్రం రాజులకి తగదు."

రాజు అడిగాడు. చిట్టప్ప తడబడుతూ రెండు బొమ్మలకీ కలిపి తన ధర చెప్పాడు. దుంగ వెలలో అది పదో వంతు కూడా లేదు. రాజు అక్కడికక్కడే ఇప్పించి, వచ్చే దసరా నాటికి గుర్రం దిగాలన్నాడు. దుంగని వెనక్కి మోయించే కూలి సింగరయ్య సొంత మూటలోంచి ఇవ్వాలన్నాడు.

"కొమ్మనా, నీకేం కావాలో అడుగు."

కొమ్మన వంగి దండం పెట్టాడు.

"తమ దయ ప్రభూ, ఏదైనా సరే. సింగరయ్యగారు త్రాసు తెచ్చేలోపు ఇప్పించండి."

సభ గొల్లుమంది. రాజు నవ్వుతూనే మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశాడు.